లాజరు కట్లు విప్పేది ఎవరు?



కొన్నేళ్ల క్రితం ఒక విభూది బుధవారం నాడు, పూజ ముగిశాక ఒక రైతు వచ్చి పీఠం ముందు నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. మా నేలకొండపల్లి పరిసరాల్లో కాస్త పత్తి, కాస్త మిర్చి వేసుకొని బ్రతికేవాడు. బైబిలు మీద చేయి వేసి, ఇక జన్మలో మందు ముట్టనని అందరి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. నేను పవిత్ర జలం చల్లి దీవించాను. గుడి నిండా చప్పట్లు. ఆ తపస్సుకాలమంతా నేను ఏ పల్లెకు పూజకు వెళ్లినా, పేరు చెప్పకుండా ఆ సంగతి ప్రసంగంలో చెప్పి సంతోషించాను.

నాలుగు నెలలు గడిచాయి. తొలకరి పడి పత్తి గింజలు పెట్టే రోజుల్లో అతని భార్య నా దగ్గరకు వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వచ్చిందనుకున్నాను. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి అన్నది: "ఫాదర్ గారూ, ఒక్క చుక్క ముట్టలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి! కానీ తాగినప్పుడే నయమనిపిస్తంది. అప్పుడు రాత్రి తిట్టినా పొద్దున్నే మామూలుగుండేవాడు. ఇప్పుడు పగలూ రాత్రీ గోడవైపు తిరిగి పడుకుంటడు. పిల్ల పలకరిస్తే కసురుతడు. ఏమైందయ్యా అంటే ఏడుస్తడు. నాకు భయమైతంది."

ఏమి చెప్పాలో నాకు తోచలేదు. సెమినరీలో చదివిన తత్వశాస్త్రం ఆ క్షణాన అక్కరకు రాలేదు. "ప్రార్థన చేసుకో అమ్మా, అంతా సర్దుకుంటుంది" అని పంపించాను. మంచి మాటే. కాని ఆమెకు ఆనాడు కావలసింది ఆ ఒక్క మాటే కాదని తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆ తల్లికి నేను బాకీపడ్డ జవాబును ఈ వారం మీ అందరికీ చెప్పుకుంటున్నాను. ఎందుకంటే అలాంటి తల్లులు మన ప్రతి విచారణలోనూ ఉన్నారు.

ప్రియ విశ్వాసులారా! యోహాను సువార్త 11వ అధ్యాయం ఒకసారి తెరవండి. నాలుగు రోజులుగా సమాధిలో ఉన్న లాజరును ప్రభువు పేరుపెట్టి పిలిచాడు. లాజరు బయటకు వచ్చాడు. ప్రాణం తిరిగి వచ్చింది గాని, కాళ్లకూ చేతులకూ చుట్టిన గుడ్డలు అలాగే ఉన్నాయి. ముఖం మీద వస్త్రం అలాగే ఉంది. చావును గెలిచిన ప్రభువుకు నాలుగు గుడ్డపేలికలు విప్పడం ఒక లెక్కా? అయినా ఆ పని ఆయన తాను చేయలేదు. చుట్టూ నిలబడ్డవారికి అప్పగించాడు.

తాగుడు మానిన మనిషి ఆ లాజరు వంటివాడు. మానడం ఒక పిలుపు, ఒక రోజు, దేవుని కృప. విడుదల మాత్రం ఒక్కొక్క కట్టూ విప్పుకుంటూ సాగే పని. ఆ పనిలో ఇంటివారికి, వైద్యులకు, గుడికి తలా ఒక పాలు ఉంది. మనం చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లిపోతే, సమాధి ముఖద్వారం దగ్గర కట్లతోనే అతడు నిలబడి ఉంటాడు.

ఇప్పుడు ఆ కట్లేమిటో చూద్దాం.

మొదటి కట్టు శరీరానిది. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరంలో మెదడు, నరాలు మద్యానికి అలవాటుపడిపోతాయి. ఒక్కసారిగా ఆపినప్పుడు నరాలు అదుపు తప్పుతాయి. చేతులు వణకడం, చెమటలు, నిద్ర పట్టకపోవడం చాలామందికి ఉంటుంది. కొందరికి రెండు మూడు రోజుల్లోనే మూర్ఛలు వస్తాయి. మరికొందరు లేనివి కనబడుతున్నాయని, వినబడుతున్నాయని కలవరిస్తారు. ఇది దయ్యం కాదు, నాటకం కాదు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వచ్చే స్థితి. కల్తీ కల్లు సంగతీ ఇంతే. క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవారు, అది దొరకని రోజున మూర్ఛలతో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల పాలవుతున్నారు. అందుచేత రోజూ ఎక్కువగా తాగేవారు డాక్టరుకు చూపించుకొని మానాలి. నా తప్పు ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఆ రైతు చేత ఒట్టు వేయించిన నాడు, "రోజూ ఎంత తాగుతావు? డాక్టరును కలిశావా?" అని నేను అడగలేదు. దేవుని దయవల్ల అతనికి ప్రాణాపాయం కలగలేదు. ఆ తరువాత ఏ ఒట్టుకైనా ముందు నేను ఆ రెండు ప్రశ్నలు అడుగుతున్నాను.

రెండవ కట్టు మనసుది. ఇది కంటికి కనబడదు. మనిషి రుచి కోసమే తాగుతాడని మనం అనుకుంటాం. మొదట సరదాకే కావచ్చు. పోనుపోను అది మందు అవుతుంది. మన భాషలో మద్యానికి మందు అన్న పేరు ఊరకే రాలేదేమో! అప్పులవాడు ఇంటిముందు నిలబడితే కలిగే అవమానానికి మందు. మిర్చికి తెగులు తగిలిన ఏడు కలిగే దిగులుకు మందు. చిన్ననాడు తండ్రి చేతిలో తిన్న దెబ్బల జ్ఞాపకానికి మందు. ఆ మందు గాయాన్ని మాన్పదు, నొప్పిని మాత్రం ఆ పూటకు తెలియనివ్వదు. అది ఆగిన రోజున పదేళ్ల నొప్పి ఒక్కసారిగా లేచి కూర్చుంటుంది. పైగా ఇన్నాళ్లూ మద్యం వల్లనే సంతోషం తెలిసిన మెదడుకు, మామూలు సంతోషాలు మళ్లీ రుచించడానికి నెలలు పడుతుంది. పిల్ల నవ్వు, వేడి అన్నం, చల్లని సాయంత్రం, అన్నీ చప్పగా ఉంటాయి. ఆ తల్లి చూసి భయపడింది దీనినే.

ఆ రైతు కడుపులో ఉన్నది మరికొన్నాళ్లకు పాపసంకీర్తనంలో కాదు, మా గుడి అరుగు మీద కూర్చొని నాతో చెప్పుకున్నాడు. ఇతరులకు మేలు కలుగుతుందంటే రాయమని అతడే అన్నాడు. "మా నాయిన మీద మన్ను వేసే వేళకు నేను కల్లు మండువలో ఉన్నాను ఫాదర్. తొమ్మిదేళ్లయింది. ఒక్కసారీ ఏడ్వలేదు. ఇప్పుడు కళ్లు మూస్తే ఆయనే కనపడుతుండు." గోడవైపు తిరిగి అతడు ఏడ్చినది ఆ తొమ్మిదేళ్ల ఏడుపు. ఇంట్లోవారికి అది జబ్బు ముదిరినట్టు కనిపించింది. నిజానికి చచ్చుబడిన చోట స్పర్శ తిరిగి రావడం అది.

విశ్వాసులారా, మనలో చాలామంది దుఃఖాన్ని, కోపాన్ని పాపమని భయపడతాం. మనిషిలోని ఆవేశాలను పూర్తిగా పెకలించివేయాలని ప్రాచీన గ్రీసు, రోము దేశాలలో స్తోయికులనే తత్వవేత్తలు చెప్పారు. పునీత తోమా అక్వినాసు దానికి ఒప్పుకోలేదు. ఆవేశాలు తమంతట తాము మంచివీ కావు, చెడ్డవీ కావు, వివేకం వాటిని నడిపించినప్పుడు అవి సద్గుణానికి తోడ్పడతాయని ఆయన బోధించాడు. అంతదూరం ఎందుకు? లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీరు పెట్టుకున్నాడు. దేవుని కుమారునికే ఏడుపు తక్కువతనం కానప్పుడు మన మగవారికి ఎందుకు కావాలి?

మా నేలకొండపల్లి పేరు వినగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేది ఇక్కడ పుట్టిన కంచెర్ల గోపన్న, అంటే భక్త రామదాసు. గోల్కొండ చెరలో ఆయన పన్నెండేళ్లు మగ్గాడని చెబుతారు. ఆ చెరలో ఆయన తన దేవుణ్ణి బ్రతిమాలుకున్నాడు, అలిగాడు, నిలదీశాడు, మళ్లీ తప్పు మన్నించమని వేడుకున్నాడు. ఆయన మతం వేరు, మన విశ్వాసం వేరు. అయినా చెరలో ఉన్నవాడు తన కడుపులోని మాట దేవుని ముందు దాచుకోనక్కరలేదని ఈ ఊరి పిల్లలకు కూడా తెలుసు. మన కీర్తనల గ్రంథం కూడా అదే నేర్పుతుంది. 88వ కీర్తన తీసి చదవండి. ఓదార్పు మాట లేకుండా చీకటిలోనే ముగుస్తుంది. అటువంటి ప్రార్థనను కూడా శ్రీసభ తన నిత్య ప్రార్థనలో ఉంచుకున్నది. తాగుడు మానిన సోదరా, నీకు ప్రార్థన రాకపోతే నీ దిగులునే ఆయన ముందు పెట్టు. అదే ప్రార్థన.

మూడవ కట్టు గతానిది. చేసిన అప్పులు, ఆడిన అబద్ధాలు, కొట్టిన దెబ్బలు. ఇక్కడ ఐర్లండు దేశపు కూలివాడు పూజ్య మాట్ టాల్బట్ మనకు దారి చూపుతాడు. 1856లో డబ్లిన్ నగరంలో పుట్టాడు. పన్నెండవ ఏట తాగుడు మొదలుపెట్టాడు. జీతమంతా దానికే. ఒకసారి వీధిలో ఫిడేలు వాయించుకొని బ్రతికే ఒక పేదవాని ఫిడేలును కూడా దొంగిలించి అమ్మి తాగేశారు, అతడూ అతని స్నేహితులూ. 1884లో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, చేతిలో చిల్లిగవ్వ లేని ఒక రోజున సారాయి దుకాణం ముందు నిలబడ్డాడు. అంతకుముందు తాను తాగించిన స్నేహితులు ఒక్కరూ పలకరించకుండా వెళ్లిపోయారు. ఇంటికి వెళ్లి తల్లికి చెప్పి, గురువు దగ్గర ఒట్టు వేసుకున్నాడు. అది జన్మంతటికీ వేసిన ఒట్టు కాదు, ముందు మూడు నెలలకు. తరువాత ఆరు నెలలకు. ఆ తరువాతనే జీవితాంతం. మొదటి రోజులు తనకు నరకంలా గడిచినా, తెల్లవారి పూజ, ఉపవాసం, కూలిపని వదల్లేదు. పాత బాకీలన్నీ తీర్చాడు. ఆ ఫిడేలువాని కోసం ఊరంతా వెతికాడు. దొరకలేదు. అతనికి ఇవ్వవలసిన సొమ్ముతో అతని ఆత్మ కోసం పూజలు చెప్పించాడు. 1925లో పూజకు వెళుతూ దారిలోనే కన్నుమూశాడు. 1975లో పోపు ఆరవ పౌలు ఆయనను పూజ్యుడుగా ప్రకటించారు. ఇందులో గమనించండి: గతాన్ని ఆయన మరచిపోలేదు, దాని కింద నలిగిపోనూ లేదు. తీర్చగలిగినది తీర్చాడు. తీర్చలేనిది దేవుని చేతిలో పెట్టాడు.

నాలుగవ కట్టు ఒంటరితనం. 1990ల తొలి ఏళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ వంటి ఆడవాళ్లు సారా మీద లేచి, రాష్ట్రమంతటినీ కదిలించారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ తల్లుల పోరాటం వృథా కాలేదు, దానికి మనం చేతులెత్తి నమస్కరించాలి. కాని దుకాణం మూసిన రాత్రి దుకాణానికి వెళ్లే మనిషి ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో మాట్లాడాలో ఏ చట్టమూ చెప్పలేదు. మండువలో అతనికి దొరికింది కల్లు ఒక్కటే కాదు, పక్కన కూర్చునే మనిషి కూడా. ఆ మనిషిని మనం ఇవ్వకపోతే అతడు మళ్లీ అక్కడికే పోతాడు.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుడుకు బానిసలైనవారు కలుసుకున్నారు. ఒకడి కథ ఒకడు వింటే తాగాలన్న కోరిక తగ్గుతున్నదని గ్రహించారు. అలా పుట్టినదే ఆల్కహాలిక్స్ అనానిమస్. అదే ఊరిలోని సెయింట్ తామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా అనే మఠకన్య, ఇతర ఆసుపత్రులు గుమ్మం తొక్కనివ్వని తాగుడు రోగులను 1939 నుంచి చేర్చుకొని సేవ చేసింది. ఇంటికి వెళ్లేవాడి చేతిలో యేసు తిరుహృదయ పతకం పెట్టి, మళ్లీ తాగాలనిపిస్తే ముందు ఇది నాకు తిరిగి ఇచ్చి ఆ తరువాత తాగమని చెప్పేదట. పతకంలో మంత్రం ఏమీ లేదు. తాగబోయే ముందు ఒక మనిషి ముఖం చూడాలి, అదే దాని బలం. ఆ సంఘం మన దేశంలో 1957 నుంచి ఉన్నది. రుసుము లేదు, పేర్లు బయటపెట్టరు.

ఇక మన పనులు. ఇంటివారికి నాలుగు మాటలు. రోజూ పాత లెక్కలు ఎత్తిపొడవకండి. నీ మీద నాకింకా భయం పోలేదని నిజం మాత్రం నెమ్మదిగా చెప్పండి, నమ్మకం తిరిగి సంపాదించుకోవడం అతని పని. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగూ తాగుడు తలుపు తట్టే వేళలని అనుభవజ్ఞులు చెబుతారు, ఆ వేళలు కనిపెట్టండి. భర్త తాగుడుకు భార్య కారణం కాదు, బిడ్డలు కారణం కాదు. ఆ నింద మోయవద్దు అమ్మా. కొట్టే చేతిని భరించడం క్షమాపణ అనిపించుకోదు. మీకూ పిల్లలకూ ముందు భద్రత చూసుకోండి. 181 నంబరు మహిళల సహాయం కోసమే ఉన్నది. మత్తు వ్యసనం గురించి 14446కు, మనసు బాగుండని వేళ 14416కు ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు.

విచారణలకు ఒక మాట. మన జ్ఞానస్నానాల విందుల్లో, పెళ్లిళ్లలో, పెద్దకర్మల్లో, క్రిస్మసు రాత్రి మందు పోసేది ఎవరు? "పండుగ పూట ఒక్క గ్లాసుతో ఏమైతది బావా!" అని చేతిలో పెట్టేది ఎవరు? మనమే. విప్పవలసిన చేతులతోనే మళ్లీ కడుతున్నాం. ఎవరైనా ఒకడు వద్దంటే, రెండోసారి అడగకపోవడం కూడా సోదర ప్రేమే. దివ్యసత్ప్రసాదంలో ద్రాక్షరసం గురించి భయపడేవారికి కూడా చెబుతున్నాను. అప్పరూపంలో మాత్రమే స్వీకరించినా మీరు స్వీకరించేది సంపూర్ణ క్రీస్తునే. సంకోచపడకుండా మీ గురువుతో చెప్పండి.

మళ్లీ జారిపడినవారి సంగతి? చైనా దేశంలో పునీత మార్క్ జీ తియాన్‌షియాంగ్ అనే వైద్యుడు ఉండేవాడు. కడుపునొప్పికి వాడిన నల్లమందుకు బానిసయ్యాడు. ఎన్నిసార్లు పాపసంకీర్తనం చేసినా మళ్లీ పడుతుంటే, పశ్చాత్తాపం నిజం కాదని గురువు పాపవిమోచనం ఇవ్వలేదు. వ్యసనం ఒక రోగమని ఆ కాలంలో తెలియదు. ముప్పై ఏళ్లు దివ్యసత్ప్రసాదం లేకుండానే అతడు గుడికి వచ్చాడు, ప్రార్థించాడు. 1900లో వేదహింసలో క్రీస్తును కాదనక ప్రాణమిచ్చాడు. 2000 అక్టోబరు 1న పోపు రెండవ జాన్ పాల్ ఆయనను పునీతుల పట్టికలో చేర్చారు. ఆ వ్యసనం నుంచి ఆయన బయటపడినట్టు ఎక్కడా లేదు. అలవాటు, మానసిక కారణాలు మనిషి బాధ్యతను తగ్గించగలవని మన కతోలిక సత్యోపదేశం కూడా చెబుతున్నది. ఇది తాగడానికి అనుమతి కాదు. జారినవాడు మళ్లీ లేవడానికి చెయ్యి.

ఆ రైతు కూడా మధ్యలో ఒకసారి జారాడు. ఈసారి డాక్టరు దగ్గరకు నేనూ వెంట వెళ్లాను. ఆ ఏడు నవంబరు 2న, సమాధుల పండుగనాడు, తొమ్మిదేళ్లలో మొదటిసారి తండ్రి సమాధికి సున్నం వేసి, పిల్ల చేత కొవ్వొత్తి వెలిగించాడు. అక్కడ కూర్చొని చాలాసేపు ఏడ్చాడు. ఈసారి గోడవైపు తిరిగి కాదు, అందరి ముందే. పిల్ల అతని భుజం మీద చెయ్యి వేసింది, అతడు కసరలేదు. అతని భార్య నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అన్నది: "ఇప్పటికి ఇంటికొచ్చిండు ఫాదర్."

ప్రియ విశ్వాసులారా! మీ వీధిలో, మీ బంధువుల్లో తాగుడు మానిన మనిషి ఒకడు తప్పక ఉంటాడు. ఈ ఆదివారం పూజ తరువాత అతని పక్కన కూర్చోండి. ఉపదేశం వద్దు. ఎలా ఉన్నావని అడిగి, అతడు చెప్పేది వినండి. ఒక కట్టు విప్పినట్టే.

సమాధి ముందు కన్నీరు పెట్టిన ప్రభువు మీ ఇళ్లను దీవించుగాక. ఆమెన్.